ఆచార్య నాగార్జునుడు – నిర్మిత పురుషుడు

మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల వరిమళ్ళకు జీవాధారమైన ఎడమకాలువ నాగార్జునసాగర్ జలాశయం నుండి బయలుదేరుతుంది. ఆ జలాశయం అడుగున ఒక లోయ ఉన్నది. మూడువైపుల కొండలు, నాలుగవ వైపు కృష్ణానది పెట్టనికోటగా నిలిచిన ఆ లోయలో క్రీ.శ. 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వర్ధిల్లింది. శాసనాలు ఆ ప్రాంతాన్ని శ్రీపర్వతమని పేర్కొన్నాయి. 1926లో రంగస్వామి సరస్వతి అక్కడి శిథిలాలను గుర్తించి లోకానికి తెలియజేశాడు. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోకముందే 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో విస్తృతంగా త్రవ్వకాలు సాగాయి. ముఖ్యమైన కట్టడాలను కొండపైకి తరలించి తిరిగి నిలబెట్టారు. నేడు ద్వీపంగా మిగిలిన ఆ కొండకూ, దిగువనున్న ఆనకట్టకూ పేరునిచ్చిన వ్యక్తి బౌద్ధ దార్శనికుడు ఆచార్య నాగార్జునుడు. మనిషి చేసిన బొమ్మకు మనసుంటుందా అని నేటి శాస్త్రజ్ఞులు, కథకులు అడుగుతున్నారు. ఆ బొమ్మ వంటి కల్పిత పురుషుణ్ణి సుమారు పద్దెనిమిది వందల సంవత్సరాల క్రిందటనే తర్కరంగంలో నిలబెట్టిన ఘనత ఆయనది.

నాగార్జునుని చరిత్ర వ్రాయబూనిన వారికి మొదటి చిక్కు ఆధారాల వద్దనే ఎదురవుతుంది. ఆయన జీవితాన్ని చెప్పే ప్రాచీన గ్రంథాలన్నీ పరదేశ భాషలలోనివి. క్రీ.శ. 5వ శతాబ్ది ఆరంభంలో కుమారజీవుడు చీనా భాషలో అందించిన చరిత్ర వాటిలో పాతది. 7వ శతాబ్దిలో భారతదేశాన్ని దర్శించిన హ్యుయాన్‌త్సాంగ్ కొన్ని గాథలను నమోదు చేశాడు. టిబెట్ చరిత్రకారులైన బుస్టన్, తారానాథుడు ఇంకా తరువాతి కాలం వారు. వీరిలో ఎవరూ నాగార్జునునికి సమకాలికులు కారు. రసవాద గ్రంథాలు రచించిన మరొక నాగార్జునుని కథలు కూడ ఈయన కథలలో కలిసిపోయాయి. ఆయన క్రీ.శ. 2వ శతాబ్ది ఉత్తరార్ధంలోనూ, 3వ శతాబ్ది ఆరంభంలోనూ జీవించాడనీ, శాతవాహన ప్రభువు ఒకడు ఆయనకు మిత్రుడనీ పండితులలో ఎక్కువమంది అంగీకరిస్తారు. కాబట్టి ఆయన జీవితకథలో నిజమేదో, కల్పన ఏదో విడదీయడం కంటె, కల్పన ఏమి చెప్పదలచినదో గ్రహించడమే మేలు.

దక్షిణదేశంలో ఒక బ్రాహ్మణ కుటుంబంలో నాగార్జునుడు జన్మించాడని కుమారజీవుని గ్రంథం చెబుతున్నది. టిబెట్ గ్రంథాలు విదర్భను పేర్కొంటాయి. తల్లి అర్జునవృక్షం, అనగా మద్దిచెట్టు క్రింద ప్రసవించింది గనుక అర్జునుడనీ, నాగుల వలన జ్ఞానసిద్ధి పొందాడు గనుక నాగార్జునుడనీ ఆయనకు పేరు వచ్చిందట. బాల్యంలోనే వేదవిద్యను కైవసం చేసుకొన్న ఆ యువకునికి చదవవలసినదేదీ మిగలలేదనిపించింది. తెలివి ఎక్కువై, దారి తెలియని వయసు అది. అతడు ముగ్గురు మిత్రులతో కలిసి అదృశ్యవిద్యను నేర్చుకొన్నాడు. నలుగురూ కంటికి కనబడకుండా రాజాంతఃపురంలో ప్రవేశించి స్వేచ్ఛగా విహరించారు. కొన్నాళ్ళకు రాజుకు అనుమానం కలిగింది. మంత్రి సలహాపై ద్వారాల వద్ద సన్నని ఇసుక చల్లించారు. ఇసుకలో పాదముద్రలు పడ్డాయి. తలుపులు మూయించి, భటుల చేత గాలిలో కత్తులు త్రిప్పించారు. ముగ్గురు మిత్రులూ తెగిపడ్డారు. రాజు సమీపంలో ఎవరూ కత్తి ఝళిపించరు గనుక నాగార్జునుడు ఊపిరి బిగబట్టి రాజు ప్రక్కనే నిలిచి బ్రతికి బయటపడ్డాడు. దుఃఖానికి మూలం కోరికేనని ఆ క్షణంలో అతనికి తెలిసివచ్చింది. ఆ తరువాత ఒక పర్వతస్తూపం వద్దకు చేరి భిక్షువుగా మారాడు.

ఈ కథను చరిత్రగా ఎవరూ తీసుకోనక్కరలేదు. కాని కనబడని మనిషి అడుగుజాడలు మాత్రం కనబడటమనే ఈ చిత్రం ఆయన దర్శనానికి బాగా అతుకుతుంది. కర్త ఎక్కడా పట్టుబడడు. కర్మ మాత్రం ఇసుకలో ముద్రవలె మిగులుతుంది.

భిక్షువైన పిదప నాగార్జునుడు ఉన్న పిటకాలన్నీ చదివి తృప్తి చెందలేదు. అప్పుడు ఒక నాగరాజు ఆయనను సముద్రగర్భంలోని తన భవనానికి కొనిపోయి, మహాయాన సూత్రాలను చూపాడని ఐతిహ్యం. ఆ సూత్రాలతో తిరిగివచ్చిన నాగార్జునుడు దక్షిణాపథంలో మహాయానాన్ని వ్యాపింపజేశాడు. బౌద్ధానికీ నాగులకూ గల చెలిమి తెలుగునేల మీద శిల్పాలలోనూ ఊరిపేర్లలోనూ నిలిచే ఉన్నది. సూర్యాపేటకు ఉత్తరంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, మూసీకి ఉపనది అయిన బిక్కేరు ఒడ్డున ఫణిగిరి ఉన్నది. పేరులోనే పడగ ఉన్న ఆ కొండపై మహాస్తూపం, చైత్యగృహాలు, విహారాలు, సున్నపురాతి తోరణాలు బయల్పడ్డాయి. ఇక్ష్వాకురాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరంలో రాజవైద్యుడు ఒకడు అక్కడ ధర్మచక్రాన్ని ప్రతిష్ఠించినట్లు శాసనం తెలుపుతున్నది. 2023లో ఫణిగిరి శిల్పాలు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శింపబడ్డాయి. 2024లో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. నాగార్జునుడు ఈ కొండ ఎక్కాడని చెప్పగల ఆధారం లేదు. విజయపురి లోయలోని ఇక్ష్వాకు శాసనాలలో కూడ ఆయన పేరు కానరాదు. కాని కాశ్మీర, గాంధార, తామ్రపర్ణి మొదలైన దేశాల భిక్షువులను స్మరించే శాసనం ఆ లోయలోనే లభించింది. అంతటి వాదవివాదాల వాతావరణమే ఆయన గ్రంథాలలో ప్రతిధ్వనిస్తుంది.

నాగార్జునుని ప్రధాన గ్రంథం మూలమాధ్యమకకారిక. 27 ప్రకరణాలు, సుమారు 450 శ్లోకాలు గల ఈ గ్రంథం మాధ్యమిక దర్శనానికి పునాది. దీనిలోని ముఖ్యభావం శూన్యత. శూన్యమనగానే ఏమీ లేకపోవడమని అర్థం చేసుకొనేవారు ఆ రోజులలోనూ ఉన్నారు, ఈ రోజులలోనూ ఉన్నారు. నాగార్జునుని భావం అది కాదు. వరిమొలకను తీసుకొందాం. విత్తనం, మట్టి, నీరు, వెచ్చదనం కూడితే మొలక పుడుతుంది. వీటిలో ఏ ఒక్కటి తప్పినా పుట్టదు. కాబట్టి మొలకకు ఇతరాలపై ఆధారపడని సొంత స్వభావం లేదు. ఆ లేకపోవడమే శూన్యత. మొలక లేదని ఆయన అనలేదు. అది తనంత తానుగా లేదని మాత్రమే అన్నాడు. చక్రాలు, ఇరుసు, కాడి వేరుచేస్తే రథమనేది ఎక్కడా దొరకదని అంతకుముందే నాగసేనుడు మిళిందునికి బోధించాడు. నాగార్జునుడు మరొక అడుగు ముందుకు వేసి, ఆ చక్రానికీ, ఇరుసుకూ కూడ సొంత స్వభావం లేదని నిరూపించాడు.

ఈ మాట మనిషికి అన్వయించినప్పుడే అసలు చిక్కు. కర్త, కర్మ, ఫలం అన్నీ స్వభావశూన్యాలైతే, పాపం చేసినవాడు ఎవరు? అనుభవించేవాడు ఎవరు? కర్మఫలాన్ని పరీక్షించిన 17వ ప్రకరణం చివర నాగార్జునుడు ఒక విచిత్రమైన ఉపమానం చెప్పాడు. బుద్ధుడు తన ఋద్ధిబలంతో ఒక పురుషుణ్ణి సృష్టిస్తాడు. సృష్టింపబడిన ఆ పురుషుడు మరొక పురుషుణ్ణి సృష్టిస్తాడు. లోకంలోని కర్త మొదటి నిర్మితుని వంటివాడు, అతడు చేసే కర్మ రెండవ నిర్మితుని వంటిది అని తాత్పర్యం. నిర్మితుడు మనకంటె తక్కువవాడని చెప్పడానికి ఆయన ఈ ఉపమానం తేలేదు. మనం కూడ ఆ కోవలోని వారమేనని చెప్పడానికి తెచ్చాడు.

ప్రతివాదులు ఊరకున్నారా? నిప్పు లేనిచోట కాలదు, కత్తి లేనిచోట తెగదు, నీరు లేనిచోట తడవదు. అన్నీ శూన్యమైతే నాగార్జునుని మాట కూడ శూన్యమే గదా, శూన్యమైన మాట దేనిని ఖండించగలదు అని వారు నిలదీశారు. ఇది తేలికగా త్రోసిపుచ్చదగిన ఆక్షేపం కాదు. దీనికి సమాధానం దొరకకపోతే ఆయన దర్శనమంతా తన బరువుకు తానే కూలిపోతుంది. అందుకే దానికొక గ్రంథాన్నే కేటాయించాడు. అది విగ్రహవ్యావర్తని. 70 శ్లోకాల ఈ గ్రంథంలో మొదటి 20 శ్లోకాలు ప్రత్యర్థికే ఇచ్చాడు. ఎదుటివాని వాదాన్ని ఇంత బలంగా, ఇంత నిజాయితీగా తన పుస్తకంలో పెట్టుకొన్న రచయితలు అరుదు.

మిగిలిన 50 శ్లోకాలు సమాధానం. బండి, కుండ, బట్ట పరాధీనాలే, స్వభావశూన్యాలే. అయినా బండి కట్టెలు మోస్తుంది, కుండ నీటిని నిలుపుతుంది, బట్ట చలిని ఆపుతుంది. తన మాట కూడ అటువంటిదేనని ఆయన వాదం. ఆ వెంటనే మళ్ళీ నిర్మిత పురుషుణ్ణి రంగంలోకి దించాడు. ఒక నిర్మిత పురుషుడు ఏదో పనికి పోతున్న మరొక నిర్మిత పురుషుణ్ణి అడ్డగించి ఆపవచ్చు. ఆపినవాడూ శూన్యుడే, ఆగినవాడూ శూన్యుడే. అయినా ఆపడమనే పని జరిగింది. మరికొంత ముందుకు సాగి ఇంకొక దృశ్యాన్ని చూపాడు. ఒకడు నిర్మిత స్త్రీని చూసి నిజమైన స్త్రీ అని భ్రమించి మోహపడతాడు. బుద్ధుడు పంపిన మరొక నిర్మితుడు వచ్చి ఆ భ్రమను తొలగిస్తాడు. బొమ్మ వలన పుట్టిన మోహాన్ని మరొక బొమ్మ పోగొట్టింది. నాగార్జునుడు తన మాటలకు ఇంతకంటె ఎక్కువ స్థానం కోరలేదు.

ఈ నిర్మిత స్త్రీ ఒక్క తర్కగ్రంథంలోనే లేదు, కథలలో కూడ ఉన్నది. మధ్య ఆసియాలోని తొఖారియన్ భాషలో దొరికిన పుణ్యవంత జాతకంలో ఒక చిత్రకారుడు ఒక యంత్రకారుని ఇంట అతిథి అవుతాడు. రాత్రి సేవచేయడానికి వచ్చిన కన్య చేయి పట్టుకోగానే ఆమె కీళ్ళూ త్రాళ్ళూ విడిపోయి నేల కూలుతుంది. సిగ్గుపడిన చిత్రకారుడు తాను ఉరివేసుకొన్నట్లు గోడపై బొమ్మ వ్రాసి దాగికొంటాడు. తెల్లవారి యంత్రకారుడు దానిని నిజమని నమ్మి విలపిస్తాడు. లోకపణ్ణత్తి అనే పాలీ గ్రంథంలో అజాతశత్రువు దాచిన బుద్ధధాతువులకు కత్తులు ధరించిన యంత్రపురుషులు అశోకుని కాలం వరకు కాపలా కాస్తారు.

శాతవాహనుల ఆస్థానంతో ముడిపడిన గుణాఢ్యుని బృహత్కథకు సోమదేవుడు 11వ శతాబ్దిలో కథాసరిత్సాగరంగా రూపమిచ్చాడు. అందలి రత్నప్రభా లంబకంలో కాంచీపురం నుండి వెళ్ళిన రాజ్యధరుడనే వడ్రంగి ఏలే నగరం ఉన్నది. ఆ నగరంలో వర్తకులు, పౌరులు అందరూ కొయ్యబొమ్మలే. ప్రాణులవలె తిరుగుతారు, మాట మాత్రం ఉండదు. ప్రాణమున్నవాడు రాజు ఒక్కడే. విశేషమేమంటే అదే లంబకంలో నాగార్జునుడు కూడ ఒక పాత్ర. బోధిసత్త్వాంశతో పుట్టిన మంత్రిగా అతణ్ణి సోమదేవుడు చిత్రించాడు. ముద్దుల కుమారుడు మరణించగా ఆ మంత్రి దుఃఖం భరించలేక మనుషులకు చావు లేకుండా చేసే అమృతాన్ని తయారుచేయ పూనుకొంటాడు. పని పూర్తికావడానికి అయిదు దినాలే మిగిలి ఉండగా, ఇంద్రుడు అశ్వినీదేవతలను పంపి వారిస్తాడు. మనుషులూ అమరులైతే దేవతలకూ వారికీ భేదమేమున్నదన్నది ఇంద్రుని ఆందోళన. మంత్రి ఆ అమృతాన్ని భూమిలో పాతిపెడతాడు. కొయ్యకు కదలికనిచ్చినవాడు, మనిషికి మృత్యువును తప్పించబోయినవాడు ఒకే లంబకంలో కొద్ది పుటల దూరంలో కనిపించడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా ఆ రెండు కథలనూ కలిపి చదవకుండా ఉండలేము.

పాశ్చాత్య సాహిత్యంలో ఈ ప్రశ్న చాల ఆలస్యంగా పదునెక్కింది. 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ తన ఆర్.యు.ఆర్. నాటకంతో రోబో అనే మాటను లోకానికి ఇచ్చాడు. అందులో చివరకు ఇద్దరు రోబోలు ఒకరి బదులు ఒకరు చావడానికి సిద్ధపడతారు. వారికి ప్రాణం వచ్చిందని ప్రేక్షకుడు గ్రహించేది అక్కడనే, వారి తెలివిని చూసి కాదు. 1967లో అమెరికన్ రచయిత రోజర్ జెలజ్నీ లార్డ్ ఆఫ్ లైట్ అనే నవల వ్రాశాడు. అందులో యంత్రాల సాయంతో మనసులను ఒక దేహం నుండి మరొక దేహానికి మార్చే కొందరు దేవతలుగా చెలామణి అవుతారు. వారిని ఎదిరించేవాడు బుద్ధుని బోధనను ఆయుధంగా పట్టుకొంటాడు. 1974లో జపాన్ శాస్త్రజ్ఞుడు మసహిరో మోరి రోబోలకు కూడ బుద్ధస్వభావం ఉంటుందని ఒక గ్రంథమే వెలువరించాడు. 1991లో ఫ్రాన్సిస్కో వరేలా, ఎవన్ థాంప్సన్, ఎలినార్ రాష్ మనసును గురించి వ్రాసిన శాస్త్రగ్రంథంలో నాగార్జునుని మాధ్యమిక దర్శనాన్ని ఆశ్రయించారు. యంత్రంలో ఆత్మ ఎక్కడున్నదని వెదకేవారు మనిషిలో మాత్రం అది ఎక్కడున్నదో చూపవలసి వస్తుంది. నాగార్జునుని వద్దకు వారు రావడం అందుకే.

అయితే మనుషులు నిర్మితుల వంటివారైతే వారి బాధ కూడ ఉత్తదేనా? ఒక రాజు ఆ మాట నమ్మితే ఎంత ప్రమాదమో ఊహించవచ్చు. నాగార్జునుడు తన మిత్రుడైన శాతవాహన ప్రభువుకు వ్రాసినదిగా చెప్పే రత్నావళిలో దీనికి జవాబు ఉన్నది. శూన్యతను బోధించిన ఆ గ్రంథమే రాజుకు చేయవలసిన పనులను ఒక్కొక్కటిగా చెబుతుంది. దారుల వెంట విశ్రాంతి గృహాలు, నీటివసతి ఏర్పాటు చేయాలి. రోగులను, అనాథలను, దీనులను పోషించాలి. బలహీనులైన ఖైదీలను త్వరగా విడుదల చేయాలి. విడువదగని వారికి కూడ మంగలివాణ్ణి, స్నానాన్ని, అన్నపానాలను, మందులను, వస్త్రాలను సమకూర్చాలి. చీమలపుట్టల వద్ద ఆహారం, నీరు ఉంచాలి. చీమకు ఆత్మ ఉన్నదా అని ఆయన ముందుగా విచారించలేదు. స్వభావం లేనివాడైనా దుఃఖపడుతున్నాడు, ఆ దుఃఖం కారణాల వలన పుట్టింది గనుక కారణాలను మార్చి పోగొట్టవచ్చు. దుఃఖానికి శాశ్వత స్వభావమే ఉంటే దానిని ఎవరూ తొలగించలేరు గదా! శూన్యత వలననే కరుణకు చోటు దొరికిందని ఆయన గ్రంథాలను కలిపి చదివినవారికి తోస్తుంది. రాజుకే వ్రాసిన మరొక లేఖ సుహృల్లేఖ. దానిని విద్యార్థులు తొలిదశలోనే కంఠస్థం చేసేవారని 7వ శతాబ్ది చీనా యాత్రికుడు ఇత్సింగ్ వ్రాశాడు.

శాతవాహన రాజు ఆయన కోసం ఒక కొండను తొలిపించి అయిదంతస్తుల విహారం కట్టించాడనీ, ధనం చాలకపోతే నాగార్జునుడు రాళ్ళను బంగారంగా మార్చాడనీ హ్యుయాన్‌త్సాంగ్ విన్నాడు. ఆ కొండ ఎక్కడిదన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. సింహళం నుండి ఆర్యదేవుడు వాదానికి వచ్చినప్పటి కథ మరింత అందమైనది. నాగార్జునుడు మాటాడకుండా నిండా నీరున్న పాత్రను బయటికి పంపాడు. ఆర్యదేవుడు కూడ మాటాడకుండా అందులో ఒక సూదిని వదిలాడు. నిండు జ్ఞానాన్ని అడుగంటా చూడగలిగినవాడు వచ్చాడని గురువు సంతోషించి అతణ్ణి శిష్యునిగా స్వీకరించాడు.

నాగార్జునుని మందుల వలన రాజు వార్ధక్యం ఎరుగక జీవించాడట. రాజకుమారునికి పట్టాభిషేకం అందని పండైపోయింది. తల్లి ప్రేరణపై అతడు ఆచార్యుని వద్దకు పోయి ఆయన శిరస్సునే దానంగా అడిగాడు. గురువు మరణిస్తే రాజు కూడ బ్రతకడని అందరికీ తెలుసు. నాగార్జునుడు ఆ చిక్కును రాజకుమారునికి చెప్పి చూశాడు. అయినా అడిగినవాణ్ణి వట్టిచేతులతో పంపలేదు. ఎండిన గడ్డిపోచతో తన కంఠాన్ని తానే ఖండించుకొన్నాడని హ్యుయాన్‌త్సాంగ్ కథనం. సోమదేవుని కథలో రసాయనసిద్ధి చేత ఆ కంఠంపై కత్తులు మొక్కపోతే, తన మెడ తెగడానికి కావలసిన చూర్ణాన్ని ఆయనే ఇస్తాడు. కుమారజీవుని గ్రంథంలో ఈ రక్తపాతం లేదు. ఆచార్యుడు గదిలోనికి వెళ్ళి తలుపు మూసుకొన్నాడు. మరునాడు తలుపు బ్రద్దలుకొట్టి చూస్తే, కీచురాయి విడిచిన పొర వలె దేహం మాత్రమే మిగిలి ఉన్నది.

కోదాడకు సమీపంలోని జగ్గయ్యపేట స్తూపం వద్ద, ఆయన కాలానికి కొన్ని శతాబ్దుల తరువాతి లిపిలో ఒక బుద్ధప్రతిమపై శాసనం కనబడింది. భదంత నాగార్జునాచార్యుని శిష్యుడు జయప్రభాచార్యుడనీ, అతని శిష్యుడు చంద్రప్రభుడు ఆ ప్రతిమను చేయించాడనీ అందులో ఉన్నది. అందలి నాగార్జునుడు ఈయనేనా అన్నది వేరే ప్రశ్న. తెలుగునేలపై ఆ పేరు చెక్కబడిన అరుదైన రాళ్ళలో అది ఒకటి. గ్రంథాలు మాత్రం దేశాంతరాలు పట్టాయి. మూలమాధ్యమకకారికను కుమారజీవుడు 409లో చీనా భాషలోనికి అనువదించాడు. విగ్రహవ్యావర్తని చాలకాలం చీనా, టిబెట్ అనువాదాలలోనే తెలియవచ్చేది. 1936లో రాహుల్ సాంకృత్యాయన్ టిబెట్‌లోని షాలు విహారంలో దాని సంస్కృత ప్రతిని కనుగొన్నాడు. మరుసటి సంవత్సరం కాశీప్రసాద్ జయస్వాల్‌తో కలిసి దానిని ప్రకటించాడు. నిర్మిత పురుషుడు మరొక నిర్మిత పురుషుణ్ణి ఆపిన ఆ దృశ్యం అప్పుడు తన మూలభాషలో స్వదేశానికి తిరిగివచ్చింది.